గేమ్ కన్సోళ్ళలో విద్యుత్తు పంపకం

గేమ్ కన్సోల్ అనగా టెలివిజనుకు తగిలించి గానీ, చేతిలో పట్టుకొని గానీ వీడియో ఆటలు ఆడుకొనుటకు తయారుచేసిన ప్రత్యేకమైన కంప్యూటరు. సోనీ వారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్, నింటెండో వారి స్విచ్ ఇందుకు ఉదాహరణలు. ప్రతి కన్సోల్‌లోను లెక్కలు చేసే కేంద్ర ప్రాసెసరు (సీపీయూ), బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పు (జీపీయూ) అనే రెండు ముఖ్య భాగాలు ఉంటాయి. ఈ రెండూ ఒకే సరఫరా నుండి విద్యుత్తు తీసుకొంటాయి. వాటి నుండి పుట్టే వేడి కూడ ఒకే పెట్టెలో నుండి బయటకు పోవాలి. ఉన్న విద్యుత్తులో దేనికి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అని నిర్ణయించే విధానమే విద్యుత్తు పంపకం.

ఈ పంపకం ఆటగాడి కంటికి కనబడదు. కాని యంత్రం ఎంత చప్పుడు చేస్తుంది, ఆట మధ్యలో తడబడుతుందా, ఎన్నేళ్ళు మన్నుతుంది అనే విషయాలు చాలావరకు దీనిపైనే ఆధారపడి ఉంటాయి. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో వేసే "ఇన్ని టెరాఫ్లాప్స్" అనే అంకె వెనుక కూడ ఈ పంపకమే ఉన్నది.

రెండు చిప్పులు, రెండు పనులు

ఒక క్రికెట్ ఆటను ఉదాహరణగా తీసుకొందాము. బౌలరు వదిలిన బంతి ఎక్కడ పడుతుంది, ఎంత ఎత్తు లేస్తుంది, బ్యాటు ఏ కోణంలో తగిలితే ఎటు పోతుంది, దానివైపు ఏ ఫీల్డరు పరుగెత్తాలి అనే నిర్ణయాలన్నీ కేంద్ర ప్రాసెసరు చేస్తుంది. ఇవి ఒకదానిపై ఒకటి ఆధారపడిన పనులు. బంతి ఎటు పోయిందో తేలకుండా ఫీల్డరును కదిలించలేము. అందువలన సీపీయూలో కొద్దిపాటి కోర్లు మాత్రమే ఉంటాయి, అవి ఒక్కొక్కటి చాలా నేర్పు గలవి.

ఆ నిర్ణయాలు జరిగిన తరువాత మైదానంలోని గడ్డి, ఎండ, నీడలు, ప్రేక్షకుల దుస్తుల రంగులు తెరపై ప్రతి చుక్కలోను ఎలా కనబడాలో లెక్కగట్టేది గ్రాఫిక్స్ చిప్పు. ఒక చుక్క రంగు కట్టడానికి పక్క చుక్క పని పూర్తయ్యేవరకు ఆగనక్కరలేదు. కనుక జీపీయూలో చిన్న చిన్న గణన భాగాలు వేల సంఖ్యలో ఉండి ఏకకాలంలో పని చేస్తాయి. పెద్ద పటాన్ని గళ్ళుగా పంచుకొని పలువురు నిర్మల్ చిత్రకారులు ఒకేసారి రంగులు వేస్తున్నట్లు ఊహించుకోవచ్చు. ఏ బొమ్మ వేయాలో చెప్పేవాడు ఒక్కడు, కుంచెలు మాత్రం అనేకం.

ఆట నునుపుగా కనబడాలంటే సెకనుకు 60 బొమ్మలు తెరపైకి రావాలి. అనగా ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సుమారు 16.67 మిల్లీసెకన్లు. సెకనుకు 30 బొమ్మలు చాలుననుకొంటే 33.3 మిల్లీసెకన్లు. జీపీయూ ఒక బొమ్మ గీస్తుండగానే సీపీయూ తరువాతి బొమ్మకు కావలసిన నిర్ణయాలు తయారుచేస్తూ ఉంటుంది. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేస్తే ఆట వేగం వారిదే అవుతుంది, రెండవవారు ఖాళీగా ఎదురు చూడవలసినదే.

తిరకాసు ఏమనగా, ఈ ఆలస్యం చేసేవారు ఎప్పుడూ ఒక్కరే కారు. యుద్ధరంగంలో వందలాది సైనికులు ఎవరికివారు దారి వెతుక్కొంటున్నప్పుడు భారమంతా సీపీయూ మీద పడుతుంది. కొద్ది నిమిషాల తరువాత అదే ఆటలో కథానాయకుడు ఒంటరిగా జలపాతం ముందు నిలబడితే సీపీయూకు పెద్దగా పని ఉండదు, జీపీయూకు ఊపిరాడదు. విద్యుత్తును ఒకేసారి పంచివేసి ఊరుకుంటే సరిపోదని దీనిని బట్టి తెలుస్తున్నది.

వేగానికి, విద్యుత్తుకు గల సంబంధం

చిప్పులో కోట్లాది ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అవి గడియారపు సంకేతానికి అనుగుణంగా తెరుచుకొంటూ మూసుకొంటూ ఉంటాయి. సెకనుకు ఎన్నిసార్లు ఈ సంకేతం వస్తుందో దానిని పౌనఃపున్యం అంటారు. ఒక గిగాహెర్ట్జ్ అనగా సెకనుకు వంద కోట్ల సార్లు.

పనిచేస్తున్న చిప్పు ఖర్చు చేసే విద్యుత్ సామర్థ్యం మూడు అంశాలపై ఆధారపడుతుంది. మొదటిది ప్రతి గడియారపు అడుగులో ఎన్ని ట్రాన్సిస్టర్లు నిజంగా స్థితి మార్చుకొంటున్నాయన్నది. రెండవది పౌనఃపున్యం. మూడవది వోల్టేజి, అదీ దాని వర్గం. అనగా వోల్టేజి రెండింతలైతే ఖర్చు నాలుగింతలు అవుతుంది. పని లేకున్నా ట్రాన్సిస్టర్ల గుండా కారిపోయే విద్యుత్తు కొంత వేరుగా ఉంటుంది, దానిని ఇక్కడ లెక్కలోకి తీసుకొనుట లేదు.

పౌనఃపున్యం పెంచాలంటే ట్రాన్సిస్టర్లు త్వరగా స్థితి మారాలి, అందుకు వోల్టేజి కూడ పెంచవలసి వస్తుంది. రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయనుకొంటే, ఖర్చు దాదాపు పౌనఃపున్యపు ఘనంతో పాటు పెరుగుతుంది. వేగాన్ని 10 శాతం పెంచితే 1.1 × 1.1 × 1.1 = 1.331, అనగా ఖర్చు 33 శాతం పెరిగినది. వేగాన్ని 3 శాతం తగ్గిస్తే 0.97 × 0.97 × 0.97 = 0.913, అనగా సుమారు 9 శాతం మిగిలినది. కొద్దిపాటి వేగం వదులుకొంటే చాలా విద్యుత్తు మిగులుతుందన్నమాట. ఈ వ్యాసంలో చెప్పబోయే ఉపాయాలన్నిటికీ ఈ ఒక్క లెక్కే మూలం.

ఈ సంగతి పిల్లలకు చెప్పినప్పుడు తెలివైనవాడు ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు: "సార్, అయితే ఎక్కువ గణన భాగాలు పెట్టి, అన్నిటినీ నెమ్మదిగా నడిపితే మంచిది కదా?" ప్రశ్న సరియైనదే. ఆ దారిన పోయిన కన్సోల్ కూడ ఉన్నది. అయితే భాగాలు పెరిగితే చిప్పు వైశాల్యం పెరుగుతుంది, దానితో ధర పెరుగుతుంది. విద్యుత్తులో మిగిలినది సిలికానులో ఖర్చవుతుంది.

ఒక జలాశయం, రెండు కాలువలు

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల పాఠకులకు ఈ విషయం శ్రీరాంసాగర్ ప్రాజెక్టును తలచుకొంటే సులభంగా బోధపడుతుంది. గోదావరిపై పోచంపాడు వద్ద 1963లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు నుండి కాకతీయ కాలువ కరీంనగర్ వైపుకు, ఎడమ గట్టున సరస్వతి కాలువ నిర్మల్, కడెం వైపుకు పోతాయి. నిజామాబాదు వైపు పోయే లక్ష్మీ కాలువ చిన్నది. జలాశయంలోని నీరు ఒక్కటే, అడిగే ఆయకట్టులు వేరు.

పంపకం రెండు విధాలుగా చేయవచ్చు. ప్రతి కాలువకు ఇంత అని ముందుగానే వాటా కట్టి, తూములను ఆ మేరకే ఎత్తి ఉంచడం ఒక విధము. ఇందులో తగవు ఉండదు, రైతుకు ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. కాని ఒక ఆయకట్టులో వాన పడి నీరు అక్కరలేని రోజున కూడ దాని వాటా దానికే పోయి వృథా అవుతుంది. రోజూ అవసరం చూసి, ఒకవైపు మిగిలినది రెండవవైపు మళ్ళించడం మరొక విధము. ఇందులో వృథా తక్కువ, కాని షట్టర్ల దగ్గర నిత్యం కనిపెట్టి ఉండే మనిషి కావాలి, ఆ మనిషి మాట మీద అందరికీ నమ్మకం ఉండాలి.

కన్సోళ్ళలోనూ ఇవే రెండు విధానాలు ఉన్నాయి. ఒక భేదం మాత్రం గుర్తుంచుకోవాలి. కాలువకు వదలని నీరు రేపటికి జలాశయంలో ఉంటుంది. ఈ క్షణాన చిప్పు వాడుకోని వాటు మాత్రం మరుక్షణానికి నిలువ ఉండదు. ఈ విషయంలో కన్సోల్‌కు శ్రీరాంసాగర్ కంటె రామగుండమే దగ్గరి పోలిక. అక్కడి 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రంలో తయారయ్యే విద్యుత్తుకు అదే క్షణంలో ఎక్కడో ఒకచోట వాడకం ఉండాలి.

స్థిర పౌనఃపున్యాల కాలం

2020 వరకు పెద్ద కన్సోళ్ళన్నిటిలోనూ మొదటి విధానమే ఉండేది. 2005 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో మూడు కోర్ల ప్రాసెసరు 3.2 గిగాహెర్ట్జ్ వద్ద, గ్రాఫిక్స్ చిప్పు 500 మెగాహెర్ట్జ్ వద్ద నడిచేవి. 2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3లో సెల్ అనే ప్రాసెసరు కూడ 3.2 గిగాహెర్ట్జ్‌తోనే నడిచేది, దాని గ్రాఫిక్స్ చిప్పు వేగం 500 మెగాహెర్ట్జ్. ఈ రెండు యంత్రాలలో సీపీయూ, జీపీయూ వేర్వేరు చిప్పులు. ఒకదాని వద్ద మిగిలిన విద్యుత్తును మరొకదానికి ఇచ్చే ఏర్పాటు లేదు. సెల్ ప్రాసెసరులో ఏడు సహాయక కోర్లు వాడుకకు ఉండటం వలన, జీపీయూ చేయవలసిన పనిలో కొంత భాగాన్ని ప్రోగ్రామర్లే తెచ్చి సీపీయూకు అప్పగించేవారు. అంటే విద్యుత్తు కదలలేదు గనుక పనినే కదిలించారు.

వేడి లెక్క తప్పితే ఏమవుతుందో ఎక్స్‌బాక్స్ 360 చరిత్ర చెబుతుంది. యంత్రం వేడెక్కడం, ఆపినప్పుడు చల్లారడం పదేపదే జరిగి చిప్పు అడుగున ఉండే సన్నని అతుకులు పగిలిపోయేవి. అప్పుడు యంత్రం ముందుభాగంలో మూడు ఎర్రదీపాలు వెలిగేవి. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి హామీ కాలాన్ని మూడేళ్ళకు పొడిగించి, అందుకుగాను వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చూపించవలసి వచ్చినది. విద్యుత్తు పంపకం అనేది కేవలం వేగానికి సంబంధించిన ముచ్చట కాదని పరిశ్రమకు గట్టిగా తెలిసిన సందర్భం ఇది.

2010లో అదే కన్సోల్ యొక్క సన్నని నమూనా వచ్చినప్పుడు సీపీయూ, జీపీయూలను ఒకే చిప్పుగా చేశారు. ఇక్కడ ఒక విచిత్రం జరిగినది. రెండూ పక్కపక్కకు రావడంతో వాటి మధ్య సమాచారం మునుపటికంటె త్వరగా పోగలదు. అయినా ఇంజనీర్లు కావాలని ఆ మార్గంలో ఒక ప్రత్యేక భాగాన్ని పెట్టి, పాత యంత్రంలో ఎంత ఆలస్యం ఉండేదో అంతే ఉండేటట్లు చేశారు. పాత యంత్రం మీద రాసిన ఆటలన్నీ కొత్తదాని మీద ఒకే తీరున నడవాలన్నది వారి పట్టుదల. కంప్యూటరుకు, కన్సోల్‌కు ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. ప్రపంచంలో ఉన్న లక్షలాది యంత్రాలు ఒకే విధంగా ప్రవర్తించాలి.

2013లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చేనాటికి ఒకే చిప్పు పద్ధతి స్థిరపడినది. రెండింటి చిప్పులనూ ఏఎమ్‌డీ సంస్థయే రూపొందించినది. ప్లేస్టేషన్ 4లో ఎనిమిది కోర్లు 1.6 గిగాహెర్ట్జ్ వద్ద, జీపీయూ 800 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసేవి. ఎక్స్‌బాక్స్ వన్ విడుదలకు ముందు మైక్రోసాఫ్ట్ తన సీపీయూను 1.6 నుండి 1.75 గిగాహెర్ట్జ్‌కు, జీపీయూను 800 నుండి 853 మెగాహెర్ట్జ్‌కు పెంచుకొన్నది. ఈ కాలపు కన్సోళ్ళలో పంపకం జీపీయూ వైపు బాగా మొగ్గి ఉండేది. సీపీయూ కోర్లు తక్కువ విద్యుత్తుతో నడిచే చిన్న యంత్రాల కొరకు తయారైనవి. అందువలననే ఆ తరం ఆటలలో బొమ్మలు ఎంతో అందంగా ఉన్నా, చాలా ఆటలు సెకనుకు 30 బొమ్మల దగ్గరే ఆగిపోయాయి.

స్థిర పౌనఃపున్యానికి ఉన్న మూల సమస్య ఏమనగా, యంత్రాన్ని రూపొందించేవారు రాబోయే ఏడెనిమిదేళ్ళలో ఎవరో రాయబోయే అత్యంత భారమైన ఆట ఎంత విద్యుత్తు లాగుతుందో ముందుగా ఊహించాలి. తక్కువ ఊహిస్తే పంకా హోరు పెడుతుంది, యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. ఎక్కువ ఊహిస్తే ఎన్నడూ రాని వరదకు కట్టిన మత్తడి వలె సామర్థ్యం పడి ఉంటుంది.

ప్లేస్టేషన్ 5

2020 మార్చి 18న సోనీ సంస్థ ముఖ్య రూపశిల్పి మార్క్ సెర్నీ ప్లేస్టేషన్ 5 నిర్మాణాన్ని వివరిస్తూ ఈ పద్ధతిని తలక్రిందులు చేసినట్లు తెలిపారు. అంతకు మునుపు పౌనఃపున్యం స్థిరంగా ఉండి, ఆటను బట్టి విద్యుత్తు మారేది. ఇప్పుడు విద్యుత్తు స్థిరంగా ఉండి, ఆటను బట్టి పౌనఃపున్యం మారుతుంది. ఈ యంత్రంలో ఎనిమిది కోర్ల సీపీయూ గరిష్ఠంగా 3.5 గిగాహెర్ట్జ్, 36 గణన విభాగాల జీపీయూ గరిష్ఠంగా 2.23 గిగాహెర్ట్జ్ వరకు పోగలవు. పాత పద్ధతిలోనే పోయి ఉంటే జీపీయూను 2 గిగాహెర్ట్జ్ వద్ద, సీపీయూను 3 గిగాహెర్ట్జ్ వద్ద నిలపడమే కష్టమయ్యేదని ఆయన చెప్పారు.

దీనికి తోడుగా ఏఎమ్‌డీ వారి స్మార్ట్‌షిఫ్ట్ అనే ఏర్పాటును వాడుకొన్నారు. 2020 జనవరిలో ల్యాప్‌టాప్‌ల కొరకు ప్రకటించిన ఈ ఏర్పాటు, సీపీయూ తన వాటాలో వాడుకోనిదానిని జీపీయూకు మళ్ళిస్తుంది. షట్టర్ల దగ్గర కనిపెట్టి ఉండే మనిషి అంటే ఇదే.

మళ్ళించడం వలన ఎంత లాభం? ఒక ఊహాజనితమైన లెక్క చూద్దాము. చిప్పు మొత్తానికి 160 వాట్లు, అందులో సీపీయూ వాటా 40, జీపీయూ వాటా 120 అనుకొందాము. ఒక దృశ్యంలో సీపీయూ 30 వాట్లతో సరిపెట్టుకొంటే 10 వాట్లు జీపీయూకు పోతాయి. 120 వాట్లు 130 అయినవి, అనగా 8 శాతం పైచిలుకు ఎక్కువ. కాని పైన చెప్పిన ఘన సంబంధం వలన జీపీయూ వేగం పెరిగేది 3 శాతం కూడ ఉండదు. ఇంతేనా అని పాఠకులు అనుకోవచ్చు. నిజమే, ఇంతే. అయితే నాణేనికి రెండవ వైపు కూడ ఉన్నది. అవసరమైన క్షణంలో వేగాన్ని 3 శాతం తగ్గిస్తే 9 శాతం విద్యుత్తు మిగులుతుంది, ఆటగాడికి తేడా తెలియదు. విద్యుత్తును 10 శాతం తగ్గించాలంటే పౌనఃపున్యాన్ని కొద్ది శాతం తగ్గిస్తే చాలునని సెర్నీ చెప్పినది ఇందువలననే. ఈ పద్ధతి అసలు ప్రయోజనం అదనపు వేగం కంటె అనవసరమైన భయాన్ని తొలగించడమే. ఎన్నడో ఒకసారి వచ్చే భారమైన దృశ్యానికి భయపడి యంత్రాన్ని ఎల్లవేళలా నెమ్మదిగా నడపనక్కరలేదు.

ఏ దృశ్యం భారమైనదో కంటితో చూసి చెప్పడం కూడ కష్టమే. జీపీయూకు సన్నని వివరాలతో నిండిన దృశ్యం కంటె, కొద్దిపాటి త్రిభుజాలతో గీసిన సాదా తెర ఎక్కువ విద్యుత్తు లాగవచ్చును. హొరైజన్ జీరో డాన్ అనే ఆటలో కేవలం పటం చూపించే తెర వచ్చినప్పుడు తన ప్లేస్టేషన్ 4 ప్రో బాగా వేడెక్కడాన్ని సెర్నీ ఉదహరించారు. సాదా దృశ్యంలో గణన భాగాలకు ఎదురుచూపులు ఉండవు, అన్నీ ఒకేసారి నిర్విరామంగా పనిచేస్తాయి. సీపీయూలో కూడ 256 బిట్ల వెడల్పు గల ఆదేశాలు ఎడతెగకుండా వస్తే విద్యుత్తు ఖర్చు హఠాత్తుగా లేస్తుంది.

ఇక నమ్మకం సంగతి. ల్యాప్‌టాపులు, చరవాణులు ఉష్ణోగ్రతను బట్టి వేగం మార్చుకొంటాయి. కన్సోల్ అలా చేస్తే ఏసీ గదిలో ఆడేవాడికి ఒక వేగం, రేకుల ఇంట్లో ఆడేవాడికి మరొక వేగం వస్తుంది. పైగా ఒకే కర్మాగారం నుండి వచ్చిన రెండు చిప్పులు కూడ సరిగ్గా ఒకే విద్యుత్తు తీసుకోవు. అందువలన ప్లేస్టేషన్ 5లో వేగాన్ని నిర్ణయించేది అసలు చిప్పు వేడి కాదు. చిప్పులోని ఏ భాగం ఎంత పని చేస్తున్నదో లెక్కించి, ఒక నమూనా చిప్పు అయితే ఆ పనికి ఎంత విద్యుత్తు తీసుకొనేదో దానిని బట్టి పౌనఃపున్యం నిర్ణయమవుతుంది. ఆట, దృశ్యం ఒకటే అయితే యంత్రం టోక్యోలో ఉన్నా, బెల్లంపల్లిలో ఉన్నా వేగం ఒకటే. భారతదేశంలో ఈ కన్సోల్ 2021 ఫిబ్రవరి 2న విడుదలైనది.

విద్యుత్తును పంచడమే కాక, సీపీయూ మీది పనిని తగ్గించే ఏర్పాట్లు కూడ ఇందులో ఉన్నాయి. డిస్కు నుండి వచ్చే సంకుచిత సమాచారాన్ని విప్పడానికి వేరుగా ఒక భాగాన్ని పెట్టారు. ఆ పని సీపీయూ చేయవలసి వస్తే తొమ్మిది కోర్లు పట్టేవట. యంత్రంలో ఉన్నవే ఎనిమిది.

ఎక్స్‌బాక్స్ పోయిన దారి

2020 నవంబరు 10న వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో మైక్రోసాఫ్ట్ పాత పద్ధతినే నిలుపుకొన్నది. సీపీయూ 3.8 గిగాహెర్ట్జ్, జీపీయూ 1.825 గిగాహెర్ట్జ్, రెండూ స్థిరము. పైన తెలివైన విద్యార్థి సూచించిన మార్గం ఇదే. జీపీయూలో 36కు బదులు 52 గణన విభాగాలు పెట్టి, వాటిని నెమ్మదిగా నడిపారు.

టెరాఫ్లాప్స్ లెక్క ఇక్కడ చేసి చూడవచ్చును. ఒక్కొక్క గణన విభాగంలో 64 గణన మార్గాలు, ఒక్కొక్క అడుగులో రెండేసి లెక్కలు (ఒక గుణకారం, ఒక కూడిక). ప్లేస్టేషన్ 5లో 36 × 64 × 2 × 2.23 = 10,276, అనగా 10.28 టెరాఫ్లాప్స్. ఎక్స్‌బాక్స్‌లో 52 × 64 × 2 × 1.825 = 12,147, అనగా 12.15. అంకెలలో 18 శాతం తేడా ఉన్నది. ఇది అన్ని మార్గాలూ ఒక్క అడుగు కూడ వృథా చేయకుండా పనిచేస్తే వచ్చే గరిష్ఠము మాత్రమే. వేగంగా నడిచే చిప్పులో గణన విభాగాలే కాక మిగతా భాగాలు కూడ వేగంగా నడుస్తాయి గనుక, నిజమైన ఆటలలో తేడా ఆ మేరకు కనిపించదు. రెండు యంత్రాలపై వచ్చిన అనేక ఆటలు దాదాపు ఒకేలా నడిచాయి. ఈ ఒక్క అంకెను చూసి కన్సోల్ కొనడం అంత తెలివైన పని కాదు.

సీపీయూ విషయంలో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామర్లకు ఒక ఎంపిక ఇచ్చినది. ప్రతి కోరు ఒకేసారి రెండు పనుల వరుసలు నడపాలనుకొంటే వేగం 3.66 గిగాహెర్ట్జ్, ఒకే వరుస చాలనుకొంటే 3.8. అంతకు మునుపు 2017 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌లో ఈ సంస్థ మరొక శ్రద్ధ తీసుకొన్నది. ప్రతి చిప్పునూ కర్మాగారంలో విడిగా పరీక్షించి, దాని స్వభావానికి తగిన వోల్టేజిని దాని బోర్డులోనే అమర్చేవారు. దీనిని రూపొందించిన ఇంజనీరు పేరు మీద హోవిస్ పద్ధతి అన్నారు. చిప్పుల మధ్య తేడాను సోనీ వారు నమూనా చిప్పు సహాయంతో పట్టించుకోకుండా వదిలేస్తే, వీరు ఒక్కొక్క దానిని కొలిచి సరిచేశారు.

చేతిలో ఇమిడే కన్సోళ్ళు

బ్యాటరీతో నడిచే యంత్రాలలో పంపకం ఇంకా కటువుగా ఉంటుంది. 2017 మార్చిలో వచ్చిన నింటెండో స్విచ్‌ను టెలివిజనుకు తగిలించినప్పుడు జీపీయూ 768 మెగాహెర్ట్జ్ వద్ద, చేతిలో పట్టుకొన్నప్పుడు 307.2 లేదా 384 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తుంది. సీపీయూ మాత్రం రెండు సందర్భాలలోనూ 1,020 మెగాహెర్ట్జ్. కారణం తేలికైనదే. టెలివిజనుపై 1920 × 1080 చుక్కలు గీయాలి, చిన్న తెరపై 1280 × 720 చాలు. చుక్కలు రెండుంబావు రెట్లు తగ్గినవి గనుక జీపీయూ నెమ్మదించవచ్చు. కాని ఆటలో శత్రువు తెలివితేటలు, బంతి గమనం తెరను బట్టి మారరాదు గదా! అందువలన సీపీయూను తాకలేదు.

2019 ఏప్రిల్ సాఫ్ట్‌వేరు మార్పుతో స్విచ్‌లో ఒక చక్కని మారకం మొదలైనది. ఆట లోపలికి ఎక్కుతున్నప్పుడు తెరపై గీయవలసినది దాదాపు ఏమీ ఉండదు, సమాచారాన్ని విప్పే పని అంతా సీపీయూదే. ఆ కొద్ది సెకన్లపాటు సీపీయూను 1,785 మెగాహెర్ట్జ్‌కు పెంచి, జీపీయూను 76.8 మెగాహెర్ట్జ్‌కు దించుతారు. ఆట మొదలవగానే రెండూ యథాస్థానానికి వస్తాయి. సమయాన్ని బట్టి నీరు మార్చి వదిలే వారబందీ అంటే అచ్చంగా ఇదే.

2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ ఈ షట్టరును ఆటగాడి చేతికే ఇచ్చినది. దాని చిప్పు 4 నుండి 15 వాట్ల మధ్య పనిచేస్తుంది. పరిమితి ఎంత ఉండాలో ఆటగాడే తగ్గించుకొని బ్యాటరీని ఎక్కువసేపు నిలుపుకోవచ్చు.

హైదరాబాదు ఇంజనీర్లు

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌ల చిప్పులను రూపొందించే ఏఎమ్‌డీకి, స్విచ్ చిప్పును రూపొందించిన ఎన్‌విడియాకు హైదరాబాదులో ఇంజనీరింగ్ కేంద్రాలు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని 1998లో హైదరాబాదులోనే ప్రారంభించినది. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థ ప్రధాన కార్యనిర్వహణాధికారి అయ్యారు. ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్, సిరీస్ ఎక్స్ ఆయన హయాంలో వచ్చినవే. బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో గానీ, కొండగట్టు వద్ద ఉన్న జేఎన్‌టీయూ కళాశాలలో గానీ ఎలక్ట్రానిక్స్ చదువుకొనే విద్యార్థులకు ఈ విషయం చిప్పు రూపకల్పన, కంప్యూటరు నిర్మాణం అనే పాఠాల క్రింద వస్తుంది.

ఉత్తర తెలంగాణ ఎండలలో

చిప్పు మ్రింగిన ప్రతి వాటూ చివరకు వేడిగానే బయటకు వస్తుంది. ప్లేస్టేషన్ 5 మొదటి నమూనా భారమైన ఆటలో సుమారు 200 వాట్లు తీసుకొంటుంది. గదిలో రెండు పాతకాలపు 100 వాట్ల బల్బులు వెలిగించినట్లే లెక్క. రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు 18 యూనిట్లు అవుతాయి, టీవీ ఖర్చు వేరు.

ఈ వేడిని లోహపు రెక్కల గుండా గాలిలోకి పంపాలి. ఎంత వేడి పోతుందనేది చిప్పుకు, గది గాలికి మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదంపై ఆధారపడుతుంది. గది 25 డిగ్రీలు, చిప్పు 80 డిగ్రీలు ఉంటే భేదం 55. మే నెలలో రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాదులలో బయట ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం సాధారణమే. స్లాబు పగలంతా కాగి రాత్రి పదింటికి కూడ గదిని 40 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. పంకా వేగం మారకపోతే అదే పనికి చిప్పు 95 డిగ్రీలకు చేరాలి. ప్లేస్టేషన్ 5కు, స్విచ్‌కు తయారీదారులు సూచించిన గది ఉష్ణోగ్రత 5 నుండి 35 డిగ్రీలు. అంటే మన వేసవిలో సగం రోజులు ఆ హద్దు అవతలే ఉంటాము. ఆదిలాబాదు చలికాలంలో క్రింది హద్దు కూడ ఒక్కొక్క తెల్లవారుజామున దగ్గర పడుతుంది. ఆ వేళకు ఆడేవారు తక్కువ గనుక చిక్కులేదు.

ఇక్కడనే పంపకపు పద్ధతి ప్రభావం కనబడుతుంది. చరవాణి వేడెక్కితే తనంతట తాను నెమ్మదిస్తుంది. ప్లేస్టేషన్ 5 వేగం ఉష్ణోగ్రతను బట్టి మారదని పైన చెప్పుకొన్నాము. కనుక అది నెమ్మదించదు. మొదట పంకా వేగం పెరుగుతుంది, అది చాలనప్పుడు తెరపై హెచ్చరిక వచ్చి యంత్రం ఆగిపోతుంది. అందరికీ ఒకే వేగం ఇవ్వడానికి చెల్లించే మూల్యము ఇది. చల్లని దేశాలలో ఆ మూల్యము ఎవరికీ కనిపించదు. వేసవిలో యంత్రం ఆగిపోయినంత మాత్రాన అది చెడిపోయినదని భావించి మరమ్మత్తుకు పరుగెత్తనక్కరలేదు. ముందుగా అది ఏ అలమరలో ఇరికి ఉన్నదో చూడాలి.

గోదావరిఖని, బెల్లంపల్లి వంటి బొగ్గు పట్టణాలలో దుమ్ము మరొక బెడద. లోహపు రెక్కల మధ్య దుమ్ము పేరుకొంటే గాలి సాగదు. ప్లేస్టేషన్ 5లో దుమ్ము చేరుటకు లోపల ప్రత్యేకమైన గుంటలు చేసి, పక్క పలకను తీస్తే వాక్యూమ్ క్లీనరుతో పీల్చివేయడానికి వీలుగా రెండు రంధ్రాలు ఉంచారు. యంత్రం వెనుక, పక్కల జానెడు ఖాళీ స్థలం వదలాలి. కూలరు గది ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది గనుక మేలే చేస్తుంది, కాని దాని గాలి నేరుగా తగిలే చోట కన్సోల్‌ను ఉంచరాదు. నీటి తుంపరలు గాలితో పాటు లోపలికి పోతాయి.